గర్భిణీస్త్రీలు - దంతరక్షణ

నెల తప్పిన కోడలి చిగుళ్ళనుండి నెత్తురు వచ్చినచో ఇంటిలోని పెద్దలు సాధారణముగా కలవరపడరు. కడుపులోని బిడ్డ తల్లి పళ్ళలోని సున్నమును లాగికొనుచున్నదనియు, కాన్పు కాగానే అంతయు సర్దుకొనుననియు సమాధానము చెప్పుదురు. ఆప్యాయతతో చెప్పు మాటయే కాని, దానిని నమ్మి కాలము గడపి పళ్ళు పోగొట్టుకొన్న తల్లులు కలరు. కావున ముందుగా దీనినే పరిశీలింతము.

బిడ్డ యెముకలకు కాల్షియము కావలెను, అది నిజము. తల్లి తిను ఆహారమునుండి అది లభించును. చాలనపుడు ఆమె యెముకలనుండి కొంత చేరును. పంటిలో గట్టిపడిన సున్నము మాత్రము కరగి రక్తములో కలిసి బిడ్డకు చేరుటకు మార్గమే లేదు. పాలు, పెరుగు, రాగిసంకటి, మునగాకు తల్లికి అవసరమే. కాని వాటివలన పుచ్చిన పన్ను పూడదు.

మరి చిగుళ్ళు వాచుటకు కారణమేమి? గర్భముతో దేహమున ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను హార్మోనులు అధికమగును. వాటి ప్రభావముచే చిగుళ్ళు పళ్ళసందులలోని పాచికి మునుపటికంటె త్వరగా వాచును. రెండవ నెలలో మొదలైన వాపు ఎనిమిదవ నెల వరకు పెరుగుచుండుట కద్దు. నెత్తురునకు జంకి పళ్ళు తోముట మానినచో పాచి హెచ్చును, వాపును హెచ్చును. మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడుగల పేస్టుతో రెండుపూటల తోముకొనవలెను. వేపపుల్ల అలవాటైనవారు చిగురు చీరుకొనకుండ బాగుగా నమలి వాడుకొనవచ్చును. బొగ్గుపొడి, ఇటుకపొడి పంటిని అరగదీయును. ఒక్కొక్కరికి చిగురుపై ఎర్రని చిన్నకంతి లేచును. అది సాధారణముగా ప్రమాదకరము కాదు. కాన్పు పిమ్మట చాలవరకు అణగును. అయినను వైద్యునకు చూపవలెను.

వేవిళ్ళలో మరియొక చిక్కు కలదు. వాంతితో వచ్చిన ఆమ్లము పంటి పైపొరను మెత్తపరచును. ఆ క్షణముననే తోమినచో పొర అరిగిపోవును. గ్లాసెడు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోముకొనుట మేలు. పుల్లమామిడిని, చింతకాయను మేము నిషేధింపము, నిషేధించినను వినువారెవరు? తిన్న పిదప నీటితో నోరు పుక్కిలించిన చాలును.

ఇక గర్భిణి పంటివైద్యుని వద్దకు పోరాదను భయము. అమెరికాలో చిగుళ్ళవ్యాధిగల 823 మంది గర్భిణులపై జరిపిన పరిశోధన 2006లో వెలువడినది. సగముమందికి 21వ వారములోపల చిగుళ్ళను శుభ్రపరచిరి. తక్కినవారికి కాన్పు తరువాత. నెలలు నిండని కాన్పులు మొదటివారిలో నూటికి 12.0, రెండవవారిలో 12.8. అనగా చికిత్సవలన అట్టి కాన్పులు చెప్పుకోదగినంత తగ్గలేదు, పెరుగనులేదు. చిగుళ్ళు బాగుచేసిన నెలలు నిండిన బిడ్డ కలుగుననుట అతిశయోక్తి; బిడ్డకు ముప్పు కలుగుననుట అపోహ. తల్లి బాధ తీరుటయే చికిత్సకు చాలిన కారణమని మా అభిప్రాయము.

నాలుగవ నెలనుండి ఆరవ నెల వరకు చికిత్సకు మిక్కిలి అనువైన కాలము. అయితే చీము పట్టిన పంటిని ఏ నెలలోను ఉపేక్షింపరాదు. మొద్దుబారుటకు ఇచ్చు సూదిమందు, తప్పనిసరియైన ఎక్స్‌రే గర్భిణికి ఇవ్వవచ్చును, తీయవచ్చును. ఎన్నవ నెలయో వైద్యునితో ముందుగనే చెప్పవలెను. టెట్రాసైక్లిన్ వాడరాదు, పాలపళ్ళు గర్భములోనే గట్టిపడుచుండుటచే ఆ మందువలన అవి పసుపువన్నె తిరుగును. ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలను, ముఖ్యముగా 20 వారములు దాటిన పిదప, దుకాణమున కొని మ్రింగరాదు.

2016 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రతినెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. బరువు, రక్తపోటు, రక్తము చూచుదురు. నోటి సంగతి ఎవరును అడుగకపోయినచో, చిగుళ్ళను కూడ చూడుడని తల్లియే అడుగవలెను. సిగ్గుపడినచో వెంటవచ్చిన అత్తగారో, అమ్మగారో అడుగవచ్చును.