సిద్ధుడి మహిమ, పేదరాలి నేరం (అధ్యక్షోపన్యాసం)



బాణభట్టు 7వ శతాబ్దంలో రాసిన కాదంబరిలో ఒక ముసలి ద్రావిడ సాధువు కనిపిస్తాడు. ఉండేది చండికాలయంలో. ఎవడో దొంగ గురువు ఇచ్చిన సిద్ధాంజనం పెట్టుకుని ఒక కన్ను పోగొట్టుకున్నాడు. సరిగ్గా కుదరని రసాయనం మింగి జ్వరం తెచ్చుకున్నాడు. లత్తుకతో ఎర్రటి అక్షరాలు రాసిన మంత్రతంత్రాల తాటాకు పుస్తకాలు పోగేసుకున్నాడు. శ్రీపర్వతం మీద వింత కథలు వేలకొద్దీ అతని నోట ఉన్నాయి. బాణుడు అతణ్ణి నవ్వించడానికే సృష్టించాడు. అయినా మంత్రవిద్య చరిత్ర రాసేవారికి ఆ కాసిన్ని మాటలు ఒక శాసనమంత విలువైనవి. ఆ విద్యకు పుస్తకాలు ఉండేవి, మందులు ఉండేవి, నకిలీ గురువులు ఉండేవారు. ఉత్తరాది రాజాస్థానాల్లో కూడా దాని చిరునామాగా చెప్పుకున్నది శ్రీపర్వతాన్నే.

బాణుడొక్కడే కాదు. అతణ్ణి పోషించిన హర్షుడి రత్నావళిలో, అకాలంలో పూలు పూయించే విద్యను రాజుకు నేర్పినవాడు శ్రీపర్వతం నుంచి వచ్చినవాడే. భవభూతి మాలతీమాధవంలో సౌదామిని అక్కడే కాపాలిక వ్రతం పట్టి సిద్ధులు సంపాదించింది. ఇక్కడ చరిత్రకారుడు కొంచెం ఆగాలి. ఇక్ష్వాకుల శాసనాలలోని శ్రీపర్వతం నాగార్జునకొండ లోయ చుట్టూ ఉన్న కొండలు. తర్వాతి కాలంలో ఆ పేరు మల్లికార్జునుడి శ్రీశైలానికి స్థిరపడింది. బౌద్ధుల కొండకున్న ప్రతిష్ఠ శైవుల కొండకు ఎలా చేరింది? మన ప్రాంత చరిత్రలో ఇంతకంటే ఆసక్తికరమైన ప్రశ్నలు ఎక్కువ లేవు.

నాగార్జునుడి కథ కూడా ఇలాగే చేతులు మారింది. మాధ్యమిక దర్శనం చెప్పిన ఆచార్యుడు ఒకరు. బంగారం చేసే రసవాది మరొకరు. జనం ఇద్దరినీ ఒక్కరిగా కలిపేశారు. 7వ శతాబ్దంలోనే చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఈ కథ విన్నాడు. సాతవాహన రాజు కట్టిస్తున్న విహారానికి డబ్బు చాలకపోతే నాగార్జునుడు రాళ్ల మీద మందు చల్లి బంగారం చేశాడట. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ విన్న రసవాది నాగార్జునుడు మాత్రం సోమనాథం దగ్గరివాడు, అతనికి నూరేళ్ల ముందువాడు. కథ మన కొండల్లో పుట్టిందా, ఇక్కడికి నడిచి వచ్చిందా అన్నది వాదనకు నిలిచే అంశం. వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నదన్నది మాత్రం నిశ్చయం.

ఆ ఇల్లు ఎలా ఉండేదో చూడాలంటే నిత్యనాథ సిద్ధుడి రసరత్నాకరం తెరవాలి. అది సంస్కృతంలో ఉన్న రసశాస్త్ర గ్రంథం. పాదరసాన్ని శుద్ధి చేయడం, గంధకంతో మర్దించడం, పుటం పెట్టడం అందులో ప్రధాన విషయం. అందులోనే శ్రీశైలం చుట్టుపక్కల ప్రదేశాల మీద ఒక భాగం ఉంది. ఎక్కడ ఏ గుహ, ఏ చెట్టు, ఏ నీరు ఉన్నాయో, లోపలికి ఎంత దూరం పోవాలో, దొరికిన రాయి అసలైనదో కాదో ఎలా పరీక్షించాలో వరుసగా చెబుతాడు. త్రిపురాంతకం పరిసరాలు అందులో ఉన్నాయి. ఈ గ్రంథంలో సగం ప్రయోగశాల, సగం అడవి దారి. దాన్ని మూఢనమ్మకమని పక్కన పెట్టేవారు రసాయన శాస్త్ర చరిత్రను పోగొట్టుకుంటారు. ప్రతి మాటా నిజమని నమ్మేవారు అసలు చరిత్రనే పోగొట్టుకుంటారు.

తెలుగులో ఈ సంప్రదాయానికి నిండైన సాక్ష్యం గౌరన నవనాథచరిత్ర. 15వ శతాబ్దపు ద్విపద కావ్యం. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతి కోరిక మీద రాసింది. సిద్ధులు మఠంలో ఆస్తులతో, శిష్యులతో, కవులతో స్థిరపడిన కాలం అది. అందులో సిద్ధ నాగార్జునుడు శ్రీశైలాన్నంతా బంగారం చేయబోతే విష్ణువు అడ్డుపడతాడు. మహిమకు హద్దు ఎక్కడో మఠమే తన కావ్యంలో రాయించుకుందని ఆ కథను చదవవచ్చు. శ్రీశైలం ఆలయ ప్రాకారపు గోడ మీద వేట దృశ్యాల, ఏనుగుల, గుర్రాల, యోధుల పక్కనే సిద్ధులు చెక్కి ఉన్నారు. దర్శనానికి తొందరపడే భక్తులు ఆ గోడను దాటిపోతారు. విద్యార్థులను మాత్రం ఒక పూటంతా దాని ముందు నిలబెట్టాలి.

కావ్యాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పెద్దన ప్రవరుడు హిమాలయానికి వెళ్లింది సిద్ధుడు ఇచ్చిన పాదలేపంతో. అది మంచుకు కరిగిపోవడంతోనే కథ మలుపు తిరుగుతుంది. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో ఐంద్రజాలికుడు భార్యను రాజుకు అప్పగించి ఆకాశానికి ఎగురుతాడు. కాసేపటికి అతని అవయవాలు తెగి పడతాయి. భార్య చితి ఎక్కుతుంది. అంతలో అతను నవ్వుతూ వచ్చి భార్య ఏదీ అని అడుగుతాడు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా చైనాలోని హాంగ్‌చౌ నగరంలో దాదాపు ఇలాంటి ప్రదర్శననే చూశానని రాశాడు. పైకెక్కిన పిల్లవాడి అవయవాలు కింద పడతాయి, తర్వాత వాడు లేచి నిలబడతాడు. గోపరాజు రాసింది వట్టి ఊహ కాదు, ఆసియా అంతటా తిరిగిన ఒక వృత్తికళ. మన గడ్డ మీద విప్రవినోదులు ఇలాంటి విద్యతోనే బతికారు. విజయనగర కాలపు శాసనాల్లోనూ వారి పేరు ఉంది.

ఇంతవరకు చెప్పుకున్నది గౌరవం పొందిన మంత్రవిద్య. ఇక రెండోది.

తెలంగాణలో బాణామతి, కోస్తాలో చేతబడి, ఉత్తరాంధ్ర, గోదావరి మన్యాల్లో చిల్లంగి. పేరు ఏదైనా జరిగేది ఒకటే. ఊళ్లో ఒకరికి అంతుపట్టని జబ్బు చేస్తుంది, పశువు చస్తుంది, పసివాడు పోతాడు. వేలు ఒకరి వైపు తిరుగుతుంది. చాలాసార్లు ఆ ఒకరు భర్త లేని ముసలావిడ, లేదా పొలం గట్టు తగాదాలో అవతలి పక్షం. తెలంగాణ పల్లెల్లో నింద పడ్డవారి పళ్లు ఊడగొట్టిన ఘటనలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. పళ్లు పోతే మంత్రం స్పష్టంగా పలకదు, పలకకపోతే పారదు అన్నది కొట్టేవారి నమ్మకం. పండితులు గమనించాల్సింది ఇక్కడే. అక్షరం తప్పితే మంత్రం ఫలించదన్నది మంత్రశాస్త్ర గ్రంథాల నియమమే. గ్రంథంలో అది సాధకుడికి జాగ్రత్త, రచ్చబండ దగ్గర అదే ఒక మనిషి దవడ మీద రాయి దెబ్బ.

ఈ రెంటినీ కలిపి చదవకపోవడం మన పెద్ద లోపం. సిద్ధులు తెలుగు శాఖలో ఉన్నారు, బాణామతి పోలీసు స్టేషన్లో ఉంది. శక్తి ఉందని మఠాధిపతి గురించి నమ్మితే భూమి దానం చేశారు. అదే శక్తి కూలి మనిషికి ఉందని నమ్మితే చెట్టుకు కట్టారు. నమ్మకం ఒకటే. దాని వల్ల దక్కే గౌరవం, పడే దెబ్బ మాత్రం ఆ మనిషి ఎవరన్న దానితో మారాయి. తెలుగు దేశంలో మంత్రవిద్య మీద రాసే ఏ చరిత్రకైనా ఇదే వెన్నెముక కావాలి.

శ్రీశైల సిద్ధుల మీద మంచి పని జరిగింది, కానీ ఎక్కువగా ఇంగ్లీషులో. డేవిడ్ గోర్డన్ వైట్ 1996లో భారతీయ రసవాదుల మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. ప్రభావతి రెడ్డి 2014లో శ్రీశైల యాత్రా సంప్రదాయం మీద పుస్తకం తెచ్చారు. ఆ స్థాయి పుస్తకాలు తెలుగులో మరిన్ని రావాలి. మరో పక్క 1988లో మొదలైన జనవిజ్ఞాన వేదిక ఊరూరా తిరిగి మాయలు చేసి చూపి, వాటి గుట్టు విప్పుతోంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపు సున్నంతో కలిస్తేనే ఎరుపు వస్తుందని పిల్లల చేత చేయిస్తే వాళ్లు జన్మలో మరచిపోరు. అయితే ఆ ఎర్రనీళ్లు పట్టుకున్న అమ్మమ్మను హేళన చేయకూడదు. ఆమె బిడ్డ ఆరోగ్యం కోరుతోంది. ఆమె దగ్గర కూర్చుని, ఏ రోజు, ఏ వేళ, ఎన్నిసార్లు తిప్పాలో అడిగి రాసుకోవడం కూడా పరిశోధనే.

మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద చట్టాలు చేశాయి. తెలుగు రాష్ట్రాల్లో హేతువాద సంఘాలు అలాంటి చట్టం కావాలని అడుగుతూనే ఉన్నాయి. ఆ కోరికకు ఈ సభ అండగా నిలవాలి, ఆధారాలు కూడా అందించాలి. తిరుపతి, హైదరాబాదు, చెన్నై లిఖిత భాండాగారాల్లోని మంత్ర, రసవాద ప్రతులను చదవగలవారు తగ్గిపోతున్నారు. ఆ ప్రతుల పరిష్కరణకు యువ పరిశోధకులు ముందుకు రావాలి. మిగిలినవారు తమ జిల్లాలో బాణామతి, చిల్లంగి కేసుల మీద వచ్చిన కోర్టు తీర్పులను సేకరించండి. బతికి బయటపడ్డవారి మాటలను వారి అనుమతితో, పేర్లు దాచి రికార్డు చేయండి. వచ్చే సదస్సులో సిద్ధుల మీద ఎన్ని పత్రాలు చదువుతామో, ఆ మనుషుల మీద కూడా అన్ని చదువుదాం.