రోగ లక్షణం మన సాక్ష్యం

(నారాయణఖేడ్‌లో వాడల ప్రజలు, కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

భూమి గురించి, కూలి గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు ఒంటి గురించి మాట్లాడుకుందాం. రెక్కాడితేగాని డొక్కాడని మనకు ఒళ్లే ఆస్తి. అది మంచాన పడితే ఇల్లంతా మంచాన పడ్డట్టే.

రోగం వచ్చినప్పుడు మనకు తెలిసేది, మనం నోటితో చెప్పేది లక్షణం. దగ్గు, నొప్పి, ఆయాసం లాంటివి. డాక్టరు చూసి, తాకి, విని కనిపెట్టేది గుర్తు. పరీక్షలో తేలేది రుజువు. జ్వరం మలేరియాలోనూ వస్తది, టైఫాయిడ్‌లోనూ వస్తది, క్షయలోనూ వస్తది. కాబట్టి జ్వరం అనేది రోగం పేరు కాదు, ఒళ్లు చేసే ఫిర్యాదు. ఫిర్యాదు వినకుండా, రుజువు చూడకుండా తీర్పు చెప్తే అది న్యాయం ఎట్లయితది?

"చదువులేని జనం, లక్షణాలు తెలియవు, రోగం ముదరబెట్టుకొని వస్తరు" అని మనల్ని అంటుంటారు. ఇది నిజమా? బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ తరపున దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు ఈ సంగతి తేల్చడానికి పూనుకున్నారు. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవాళ్లను కలిసి మాట్లాడారు. 1963లో ఫలితం ప్రకటించారు. నూటికి తొంభై మందికి పైగా తమ లక్షణాలు తమకు తెలుసు. సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం పోయి వచ్చారు. అయితే ఏం లాభం? దగ్గుమందు సీసా చేతిలో పెట్టి పంపించారు! అంటే జనం చెప్పుకున్నారు, వినాల్సినవాళ్లు వినలేదు. స్టెతస్కోపు ఒంటికి ఆనించకుండానే చీటీ రాయించుకొని వచ్చిన అనుభవం మన వాడల్లో ఎంతమందికి లేదు?

కాబట్టి మనం గట్టిగా, వివరంగా చెప్పాలె. రెండు వారాలు దాటిన దగ్గు, విడవని జ్వరం, తెమడలో రక్తం, రాత్రిపూట చెమటలు, మనిషి చిక్కిపోవడం... ఇందులో ఏ ఒక్కటున్నా క్షయ ఉందేమోనని అనుమానించాలె. అనుమానమే సుమా, తీర్పు కాదు. సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష ఉచితం. సూది వేయించుకొని, సెలైను ఎక్కించుకొని ఇంటికి రావడం కాదు, "మా తెమడ పరీక్ష చేయండి" అని అడగాలె. ఎన్నాళ్ల నుంచి ఉంది, ఏ పూట ఎక్కువయితది, ఇంతకుముందు ఏ మందులు వాడినం, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా — ఈ నాలుగు ముక్కలు చెప్పాలె. చెప్పలేని ముసలివాళ్ల వెంట ఒక కార్యకర్త పోవాలె.

లక్షణాన్ని తప్పుగా చదివితే ఏమయితదో ఉమ్మడి మెదక్ జిల్లావాళ్లం మనకు వేరే చెప్పనక్కరలేదు. బాణామతి అనే మాట ఎంత రక్తం కళ్లజూసింది! ఒక ఇంట్లో మనిషి చిక్కిపోతే, ఇంకో ఇంటి మనిషిని పట్టుకొని కొట్టారు, పళ్లు రాలగొట్టారు. బలయింది ఎవరు? బలం లేనివాళ్లే. 1882లోనే జర్మనీలో రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని పట్టి చూపించాడు. నింద మోయాల్సింది ఆ జీవి, పక్కింటి అవ్వ కాదు.

ఇంకొక మాట జాగ్రత్తగా వినండి. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు తగ్గుతది, ఆకలి పుడుతది. "నయమయింది" అని మందు మానేస్తాం. లక్షణం పోవడం వేరు, రోగం పోవడం వేరు. లోపల జీవులు మిగిలే ఉంటాయి. మధ్యలో మానితే అవి మందుకు లొంగకుండా మొండికెత్తుతాయి. మామూలు క్షయకు ఆరు నెలలు మింగాల్సిందే. మూత్రం ఎర్రగా వస్తే బెదరొద్దు, అది మందు రంగు. చెరుకు నరకడానికి పోయే వాళ్లు మేస్త్రీతోపాటు దవాఖానకూ ముందే చెప్పాలె, పోయిన చోట మందు అందే ఏర్పాటు చేయించుకోవాలె. తిండికోసం రోగికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అది దానం కాదు, మన హక్కు. బ్యాంకు ఖాతాలో పడ్డయా లేదా చూసుకోవాలె.

క్షయ వచ్చినవాళ్లకు వేరే గ్లాసు, వేరే గిన్నె పెట్టడం మన ఇళ్లల్లోనూ ఉంది. ఇది దగ్గు తుంపరతో గాలిలో పాకే రోగం, గిన్నెలతో కాదు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలె, ఇంట్లోకి గాలి వెలుతురు రానియ్యాలె. రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన మనం మన రోగికి రెండో గ్లాసు పెట్టొచ్చునా?

రేపటినుంచి వాడ వాడకు, తండా తండాకు ఇద్దరు ముగ్గురు ముందుకు రండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికుందో రాయండి. దవాఖానకు వెంటబెట్టుకొని పొండి. పరీక్ష చేసేవాళ్లు లేరంటే అందరం కలిసి అడుగుదాం. ఒళ్లు పెట్టిన ఫిర్యాదును మధ్యలో వదలకుండా చివరిదాకా నడిపిద్దాం.

జై భీమ్!