గొంతులో నిజం ఎట్ల వినబడుతది?

నేను గద్వాలలో ఉంటా. పాటలకు మిక్సింగ్ చేస్తా. జాతర పాటలు, బతుకమ్మ పాటలు, పెళ్ళి పాటలు, ఎక్కువగా లవ్ ఫెయిల్యూర్ పాటలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల పిల్లలు ఫోన్‌లో పాడి వాట్సాప్ చేస్తరు, నేను సాఫ్ చేసి పంపిస్తా. పంపిన ప్రతి ఒక్కరూ చివర్ల ఒక మాట అంటరు: "అన్నా, జర ఫీల్ తెప్పియ్."

ఫీల్ నేను తెప్పిచ్చేది అయితే నా పని ఎంత సులువు! కూరల ఉప్పు ఏసినట్టు ఇంత ఏసి ఇచ్చేస్త. అది నా చేతిల లేదు. అయితే ఎక్కడుందో మాత్రం, రోజూ ఈ గొంతులు వినీ వినీ, నాకు కొంచెం అర్థమయింది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఎవర్ని అడిగినా ఒకటే జవాబు చెప్తరు. ఆ సింగర్ కష్టాలు పడ్డడు, అందుకే గొంతులో బాధ ఉంది అని. వినడానికి బాగుంది, కానీ లెక్క కుదరదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని తీసుకోండి. ఒక్క రోజులో పదికి పైగా పాటలు రికార్డ్ చేసిన రోజులున్నాయి ఆయనకు. ఒక పాట విషాదం, తర్వాతది డ్యూయెట్, ఆ తర్వాతది భక్తి. ఒకే రోజు ఒక మనిషికి గుండె పగిలి, ప్రేమ పుట్టి, దేవుడు కనిపించడు కదా. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని మనిషి 'శంకరాభరణం' పాటలకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. జానకమ్మ పెద్దయ్యాక కూడా చిన్నపిల్లల గొంతుతో పాడింది. వింటే అబద్ధం అనిపిస్తదా? అనిపించదు. అంటే, పాడే టైంకు ఆ బాధ ఉండాల్సిన అవసరం లేదన్నమాట.

ఇంకో సంగతి. నిజంగా ఏడుపొస్తే అసలు పాటే రాదు. మీరు గమనించే ఉంటరు. గొంతు కండరాలు బిగుసుకుంటయి, ముద్ద అడ్డం పడ్డట్టు అయితది. ఊపిరి ముక్కలు ముక్కలుగా వస్తది. పైస్థాయి అందదు, కిందికి పోతే గాలి తప్ప శబ్దం రాదు. కాబట్టి మనకు నచ్చే ఆ 'ఏడుపు గొంతు' ఏడుపు కాదు. ఏడుపును బాగా చూసినోడు అందులో నుంచి ఒకటి రెండు గుర్తులు పాటలోకి తెచ్చుకుంటడు. మాట చివర చిన్న జీర. ఒక స్వరం మీదికి నేరుగా పోకుండా కింది నుంచి జారి ఎక్కుడు. లైను మధ్యల ఊపిరి తీసుకునుడు. అంతే. అన్నీ ఒకేసారి తెస్తే నాటకం అయితది. నా దగ్గరికి వచ్చే లవ్ ఫెయిల్యూర్ పాటల్లో సగం ఇట్లనే ఉంటయి: ప్రతి లైనుకు వణుకు, ప్రతి మాటకు జీర. పాట మొదలైన పది సెకన్లకే ఏడిస్తే, చరణంలో ఇంకేం చేస్తవు తమ్మీ?

అయితే ఈ గుర్తులు నేర్చుకుంటే సరిపోతదా అంటే, సరిపోదు. నా లెక్కల అసలు విషయం వేరే. ఆ గొంతు ఎవరితోనో మాట్లాడుతున్నదా, లేదా? వినేటోడికి ముందు అదే దొరుకుతది. రాగం, తాళం అన్నీ తర్వాత.

మన ఊర్లల్ల ఎవరైనా పోతే ఆడోళ్ళు శోకాలు తీస్తరు కదా. అందులో రాగం ఉంటది, లయ ఉంటది. కానీ దాన్ని ఎవ్వరూ పాట అనరు. ఎందుకంటే అది పోయిన మనిషితో మాట్లాడుడు. నాయనా అని, కొడకా అని పిలుస్తరు. మొన్న సంతల కొనిచ్చిన చీర గుర్తుచేస్తరు, చేన్ల మిగిలిన పని ఎవరు చేయాలె అని అడుగుతరు. జవాబు రాదని తెలుసు. అయినా అడిగి, ఒక్క క్షణం ఆగుతరు. ఆ ఆగే జాగలనే చుట్టుపక్కల నిలబడ్డ మగోళ్ళ కండ్లు కూడా తడి అయితయి. రాగం తీసినప్పుడు కాదు, ఆగినప్పుడు.

2023 మార్చిలో 'బలగం' వచ్చింది. ఊర్లల్ల తెర కట్టి అందరూ కలిసి చూసిండ్రు. ఆఖర్ల ఆ పాట పాడింది వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. చనిపోయిన పెద్దమనిషి గురించి ఆయన కుటుంబం ముందర నిలబడి చెప్తరు. సినిమా కోసం కొత్తగా నేర్చుకున్న యాక్టింగ్ కాదది. జీవితమంతా చావు ఇండ్ల ముందర, మనుషుల మొఖాలు చూసుకుంట చేసిన పని. ఎదుటి మనిషి మొఖం చూసి ఎక్కడ ఆగాలె, ఎక్కడ లేపాలె అనేది ఆ గొంతుకు అలవాటై ఉన్నది. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో పోయిండు.

ఇప్పుడు మన దిక్కుకు రండి. ఇక్కడ ఇంకో మొగులయ్య ఉన్నడు, పేర్లు కలిపేయకండి. దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. 12 మెట్ల కిన్నెర వాయిస్తడు. 2021 సెప్టెంబర్‌లో 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్ వచ్చినప్పుడు మొదలు వినిపించిన గొంతు ఆయనదే. సంగీతం తమన్, రాసింది రామజోగయ్య శాస్త్రి. తర్వాత డప్పులు, కోరస్, పెద్ద పెద్ద సౌండ్లు అన్నీ వస్తయి. కానీ ఆ పాటను ఎవరన్నా గుర్తుచేసుకుంటే ముందు ఆ మొదటి ముక్కనే అంటరు. ఎందుకు? ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని మళ్ళీ వినండి. ఆయన హీరోని పొగుడుతలేడు. వాడెక్కడ పుట్టిండో చెప్తుండు, తండ్రి పేరు చెప్తుండు, తాత పేరు చెప్తుండు. కొత్తగా ఊరికి వచ్చిన మనిషిని మన పెద్దోళ్ళు "నువ్వు ఎవరి బిడ్డవు?" అని అడుగుతరు కదా, దానికి జవాబు చెప్పినట్టు. పండుగ సాయన్న కథను ఊరూరా తిరిగి చెప్పిన గొంతు అది. కథ చెప్పేటోడికి వినేటోడు లేవకుండా కూర్చునుడే ముఖ్యం. అందుకే ప్రతి పేరు చివర కొంచెం ఒత్తి, "విన్నవా?" అన్నట్టు వదులుతడు.

గోరటి వెంకన్న గారు కూడా మన దిక్కే, గౌరారం. 'వల్లంకి తాళం' పుస్తకానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన స్టేజీ మీద పాడేటప్పుడు చూడండి. ఎగురుతడు, పాట మధ్యల ఆపి మాట్లాడతడు, ఒక చెట్టు గురించో పిట్ట గురించో చెప్పి, మళ్ళీ అదే శృతిల అందుకుంటడు. మాట ఎక్కడ అయిపోయిందో, పాట ఎక్కడ మొదలైందో గీత గీయలేం. నా దృష్టిలో ఆయన గొంతు గొప్పతనం అక్కడనే ఉన్నది.

వనపర్తి జిల్లా అమరచింత బిడ్డ సాయిచంద్. 2023 జూన్ 29న, నలభై ఏండ్లు కూడా నిండకుండనే పోయిండు. తెలంగాణ అమరుల మీద మిట్టపల్లి సురేందర్ రాసిన పాట ఆయన గొంతులోనే జనాలకు ఎక్కువ గుర్తు. ఆ పాట దేవుడితో పెట్టుకున్న తగాదా. గుడిల కూర్చున్న దేవుణ్ణి నిలబెట్టి, కొడుకును పోగొట్టుకున్న తల్లి బాధ నీకు తెల్సా అని అడుగుడు. సాయిచంద్‌ది పెద్ద గొంతు, మైదానం చివరి దాకా పోయే గొంతు. అయినా అక్కడ అరవడు. తగ్గించి, నిదానంగా అడుగుతడు. అరిచే శక్తి ఉన్నోడు అరవకుండా అడిగితే ఎట్లుంటదో ఆ పాటలో వినొచ్చు.

ఇక్కడ మా తమ్ముడు అడ్డం లేస్తడు: "మరి సిద్ శ్రీరామ్ సంగతేంది? తెలుగు సరిగ్గ పలకడు కదా, అయినా నాకు ఏడుపొస్తది." కరెక్ట్ ప్రశ్న. ఆయన చెన్నైలో పుట్టి అమెరికాలో పెరిగిండు. తల్లి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నడు, అవతల బర్క్‌లీ కాలేజీలో చదివిండు. ఆయన ఏ స్వరం మీదా నేరుగా నిలబడడు. జారుతడు, ఊగుతడు, చివర్ల గాలిలో వదిలేస్తడు. మాట చేయాల్సిన పని స్వరం చేస్తది. మాట అర్థం కాకున్నా ఎవరో ఎవర్నో బతిమాలుతున్నరు అని తెలుస్తది. అదీ మాట్లాడుడే. నాకైతే 'ళ', 'ణ' సరిగ్గ పడకుంటే సగం మజా పోతది. మా తమ్ముడు ఒప్పుకోడు. ఆ పంచాయతీ మా ఇంట్ల ఇంకా తెగలేదు.

సరే, ఇప్పుడు మెషిన్ సంగతి. ఆటోట్యూన్ 1997లో వచ్చింది. భూమి కింద చమురు వెతికే సిగ్నళ్ళ మీద పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజినీర్ తయారు చేసిండు. మరుసటి ఏడాది షెర్ పాడిన 'బిలీవ్' పాటతో లోకమంతా తెలిసింది. అది చేసేది ఒకటే. మీ గొంతు ఏ స్వరం దగ్గర ఉందో చూసి, పక్కనున్న కరెక్ట్ స్వరం మీదికి గుంజుతది. మెల్లగ గుంజితే ఎవరికీ తెలియదు. స్పీడుగ గుంజితే, జారి ఎక్కే జాగలన్నీ మెట్లు అయిపోతయి. మనం ఇందాక చెప్పుకున్న గుర్తులు మొత్తం ఆ జారుడులనే కదా ఉన్నయి! దాని మీద కంప్రెసర్ ఏస్తరు, చిన్నగ అన్న మాట, గట్టిగ అన్న మాట ఒక్క సైజు అయితయి. ఆఖరుకు ఊపిరి శబ్దాలు కోసేస్తరు. ఊపిరి తీసుకోని మనిషి మనతో మాట్లాడుతున్నడు అంటే మన చెవి నమ్మదు.

పోయిన ఎండాకాలం వనపర్తి దిక్కు నుంచి ఒక చెల్లె రెండు టేకులు పంపింది. వాళ్ళమ్మ పనికి పుణె పోయింది. మన పాలమూరోళ్ళకు వలస అంటే ఏందో విడిగ చెప్పాల్సిన పని లేదు. అమ్మ మీద పాట తనే రాసుకున్నది. మొదటి టేకు వాకిట్ల పాడింది, వెనక మోటర్ శబ్దం, కోడి కూత. రెండోది తలుపులేసుకొని, సినిమా తెలుగుల, యాస మొత్తం తీసేసి పాడింది. "అన్నా, రెండోది తీసుకో, ఫుల్ ట్యూన్ కొట్టు, ఫేమస్ సింగర్ లెక్క రావాలె" అన్నది. నేను రెండూ సాఫ్ చేసి పంపిన. మొదటిదాంట్ల ఊపిరి ఉంచిన, ట్యూన్ ఏయలే. ఆ పిల్ల రెండూ అమ్మకు వినిపించింది. రెండోది విని అమ్మ "మంచిగుంది" అన్నదట. మొదటిది విని, "ఏమైంది బిడ్డా, జలుబు చేసిందా? గొంతు అట్లుంది" అని అడిగిందట.

ఆ పిల్ల మొదటిదే పెట్టింది. వ్యూస్ పెద్దగ రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె కదా.

ఒక చేదు ముచ్చట కూడా. ఇట్లాంటి గొంతులను మనం 'రా వాయిస్', 'మట్టి గొంతు' అని మెచ్చుకుంటం. రీల్స్ చేస్తం. మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలల హైదరాబాద్ శివార్లల్ల ఆయన కూలి పని చేస్తున్న వీడియో బయటికొచ్చింది. మట్టి గొంతు అంటే మనకు ఇష్టం, ఆ గొంతున్న మనిషికి నెల నెలా ఎంతొస్తది అని మాత్రం అడగం. మీ ఊర్ల జాతరకు డీజే పెట్టే పైసలల్ల కొంత కథ చెప్పేటోళ్ళకు తీసిపెట్టండి. వాళ్ళు పక్క మండలంలనే ఉంటరు.

ఇగ పాట రికార్డ్ చేసేటోళ్ళకు. ముందు పాట పాడకండి. ఎవరి కోసం రాసిండ్రో ఆ మనిషి ఎదురుగ ఉన్నట్టు అనుకొని, మాటలు ఉత్తగ చెప్పండి. చెప్పినప్పుడు ఎక్కడ ఆగిండ్రో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పాడేటప్పుడు కూడా అక్కడనే ఆగండి, రాగం కొంచెం అటిటు అయినా సరే. ఫోన్ నోటికి ఒక జానెడు దూరంల పెట్టుకోండి. ట్యూన్ యాప్‌ల స్పీడు తగ్గించండి. ఊపిరి కోయకండి. మోటర్ బంద్ చేసి పాడండి, అది నాకు మస్తు తిప్పలు. కోడి ఉంటే ఉండనియ్యండి.