మన ఫొటోలకు ఒక చిరునామా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఫొటోగ్రఫీ మీద పది నిమిషాలు మాట్లాడమని కమిటీవారు అడిగారు. కెమెరాల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని, తీసిన ఫొటోలను నలుగురూ చూసేలా ఇంటర్నెట్‌లో ఒకచోట ఎలా పేర్చుకోవాలో చెబుతాను. దాన్నే పోర్ట్‌ఫోలియో అంటున్నాం. మన పిల్లల్లో కొందరికి ఇది బతుకుతెరువు, మనలో రిటైరైనవాళ్లకు సరదా. ఇద్దరికీ పనికొస్తుంది.

ఈ పని కొత్తదేమీ కాదు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ వందేళ్లకు పైగా కిందటే తన ఫొటోలను ఏరి ఆల్బంలుగా కూర్చేవారు. మనకు అట్ట బదులు తెర వచ్చింది, అంతే. ఏరడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ కష్టమే.

నేను మొదటిసారి పోర్ట్‌ఫోలియో పెట్టినప్పుడు అందులో 140 ఫొటోలు ఉన్నాయి. సూర్యాస్తమయాలే పదకొండు. మా ఆవిడ చూసి, "సూర్యుడు ఒకడే కదండీ, ఇన్నిసార్లెందుకు?" అంది. ఆ మాటతో కోత మొదలుపెట్టాను. ఇప్పుడు 24 ఉన్నాయి. ఒకేలాంటివి రెండుంటే ఒకటి తీసేయండి. బలమైనది మొదట పెట్టండి, దాని తరవాత బలమైనది చివర పెట్టండి. ఆ ఫొటో కోసం మీరెంత ఎండలో నిలబడ్డారో చూసేవారికి తెలియదు, వాళ్లకు అక్కర్లేదు కూడా. అందుకే ఏరేటప్పుడు ఫొటోగ్రఫీతో సంబంధం లేని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఎక్కడ పెట్టాలి? ఇన్‌స్టాగ్రామ్ సంత లాంటిది. జనం దొరుకుతారు గానీ, నిన్న పెట్టిన సరుకు ఇవాళ కిందికి వెళ్లిపోతుంది. సొంత పేరుతో ఒక డొమైన్ తీసుకోండి, మామూలు పేరైతే ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. వర్డ్‌ప్రెస్, అడోబీ పోర్ట్‌ఫోలియో లాంటి వాటితో కోడింగ్ రాకపోయినా పేజీలు కట్టుకోవచ్చు. రేపు ఆ సేవ మారినా మీ చిరునామా మారదు. నేను మొదట ఒక ఉచిత సైటును నమ్ముకున్నాను. అది మూతపడ్డప్పుడు ఫొటోలతోపాటు నేను రాసుకున్న వ్యాఖ్యలన్నీ పోయాయి. అప్పటినుంచి ప్రతి ఫొటోకు మూడు కాపీలు ఉంచుతున్నాను. రెండు వేరువేరు హార్డ్‌డిస్కుల మీద, ఒకటి ఇంట్లో కాకుండా మరోచోట.

కెమెరా ఇచ్చిన పెద్ద ఫైలును యథాతథంగా ఎక్కించకండి. పొడుగు వైపు 2000 పిక్సెళ్లకు తగ్గించి, ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో జేపెగ్‌గా దాచుకుంటే చాలు. ఎక్కువమంది చూసేది ఫోన్లోనే, పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే ఆగరు. ఫొటోలో దాగి ఉండే జీపీఎస్ వివరాలు ఎక్కించేముందు తీసేయండి. చిన్నపిల్లల ఫొటోలకు, పక్షిగూళ్ల ఫొటోలకు ఇది మరీ ముఖ్యం.

పెళ్లిళ్లు తీసే తమ్ముళ్లకు ఒక మాట. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. నొక్కింది మనమే కదా అంటే కుదరదు. అడ్వాన్సు తీసుకునే కాగితం మీదే, పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి వారి అనుమతి రాయించుకోండి.

చట్టం సంగతి అలా ఉంచి, నాకు బుద్ధొచ్చిన సంగతి చెబుతాను. చాలా ఏళ్లు నా పోర్ట్‌ఫోలియోలో మొదటి ఫొటో ఒక పెద్దావిడది. గుంటూరు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే చోట తీశాను. ఎర్రటి కుప్ప ముందు కూర్చుని ఉంది, కళ్లలో నీళ్లు. కింద 'పేదరికం' అని రాశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒక పోటీలో బహుమతీ వచ్చింది.

ఒకరోజు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఆ ఫొటోలో ఉన్నది మా అమ్మ. మా కాలేజీలో ఎవరో చూపించారు. అమ్మ ఏడవట్లేదు సార్, అది మిరప ఘాటు. ఆ పనితోనే నన్ను చదివిస్తోంది. కింద ఆ మాట ఎందుకు రాశారు?" అంది. కోప్పడలేదు. కోప్పడితే నాకే తేలికగా ఉండేది.

మరుసటి ఆదివారం ప్రింట్లు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ ఆ ఫొటోను కాసేపు చూసి, "ముఖమన్నా కడుక్కోనివ్వలేదు కదయ్యా" అంది. ఆవిడ పేరు అడగడం అదే మొదటిసారి. ఆ ఫొటో తీసిన రోజు అరగంట ఆవిడ ఎదురుగా కూర్చున్నాను, లెన్సులు రెండు మార్చాను, పేరు మాత్రం అడగలేదు. ఆవిడ చీర మార్చుకుని, కూతుర్ని పక్కన నిలబెట్టుకుని మళ్లీ తీయమంది. నా సైటులో ఇప్పుడున్నది ఆ ఫొటోనే. వెలుతురు అంత బాగాలేదు, వెనక గోడ మీద క్యాలెండరు అడ్డంగా ఉంది. అయినా కింద వాళ్లు చెప్పిన మాటే ఉంది. పాత ఫొటో తీసేశాను. బహుమతి గురించి కూడా ఇప్పుడు ఎక్కడా రాసుకోవడం లేదు.

దీన్‌దయాళ్ పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళకే అప్పగించారు. ఎదుటివారు ఎలా కనిపించాలనుకుంటున్నారో ఆయన ఆనాడే ఆలోచించారు. నాకు ఒక ఆడపిల్ల ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి ప్రతి ఫొటో కింద ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది రాయండి. పెట్టేముందు అడగండి, వద్దంటే మానండి. ఈ రెండూ ఏ సాఫ్ట్‌వేరూ మన తరపున చేయదు.

చివరగా ఒక మనవి. బయట వరండాలో పెట్టిన మన బడి పాత గ్రూపు ఫొటోలు చూశారు కదా. పొద్దున్నుంచి అక్కడ నిలబడి, "ఈ మూడో వరస చివరివాడు ఎవర్రా?" అని ఒకరినొకరు అడుక్కుంటున్నాం. వెనక ఎవరూ పేర్లు రాయలేదు. ఫొటోకు ఒకటి చొప్పున అక్కడ కాగితాలు పెట్టించాను, పెన్నులూ ఉన్నాయి. గుర్తుపట్టినవారు దయచేసి పేర్లు రాసి వెళ్లండి. మన మాస్టార్లు ఉండగానే ఈ పని చేసుకుందాం. వాళ్లకు మనందరి ఇంటిపేర్లతో సహా ఇంకా గుర్తే. ఆ ఫొటోలను స్కాన్ చేసి, పేర్లతో సహా మన సంఘం పేరున ఒకచోట పెట్టే పని నేను తీసుకుంటాను.