గుర్రం మొండిది కాదు



1974లో, గుమాస్తాగా చేరిన కొత్తలో, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి ఊళ్ళోకి జట్కా ఎక్కాను. దారిలో గుర్రం ఆగిపోయింది. ఆఫీసుకు వేళయిపోతోందని "నాలుగు తగిలించు సాయిబూ!" అన్నాను. పాపం, నా మాట కాదనలేక కొట్టాడు. గుర్రం చెవులు వెనక్కి అణిచి వణికిందేగాని కదల్లేదు. అతను దిగి కాలెత్తి చూస్తే లాడం పక్కన గులకరాయి! "నోరుంటే చెప్పేదయ్యా" అన్నాడు. ఆ దెబ్బలు నేను కొట్టినవే. ఈనాటికీ మరువలేదు.

నిజానికి అది చెబుతూనే ఉంది. చెవులు వెనక్కి అణిస్తే కోపమో, నొప్పో. గుర్రానికి కళ్ళు పక్కలకుంటాయి. సరిగ్గా తోక వెనకున్నది కనపడదు. అటునుంచి చడీచప్పుడు లేకుండా వెళితే బెదిరి తన్నుతుంది. భుజం పక్కగా, పలకరిస్తూ వెళ్ళాలి. మందలో బతికే జీవి గనుక ఒంటరితనం ఓర్వలేదు. పదకొండు నెలలు మోసి కన్న తల్లినుంచి పిల్లను ఒక్కసారిగా విడదీసి ఒంటరిగా కట్టకూడదు, తోడుంచాలి. నేర్పేటప్పుడు, చెప్పినట్టు చేసిన క్షణమే కళ్ళెం వదులు చేయాలి. దానికదే మెప్పు. కొరడా నేర్పేది భయమొక్కటే.

జట్కాలు పోయాయి. మన పుల్లలచెరువు పల్లెల్లో కోడెలను కాడికి అలవాటు చేసేవారు ఇంకా ఉన్నారు. ములుగర్ర ఎత్తేముందు ఒక్కసారి కాలెత్తి చూడమని మనవళ్ళకు చెప్పండి.

సెలవు.