పేరయ్యగారి పరిచర్య
(ఎర్రగుంట్ల పేరయ్య స్మారకోపన్యాసం)



మా తాతగారు మా ఊరి సంఘంలో డీకను. ప్రసంగ వేదిక ఎక్కి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఆదివారం చీకటితోనే లేచి గుడి తాళం తీసేవారు. చాపలు పరిచి, ప్రభువు బల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ వేసేవారు. ఆరాధన అయ్యాక కానుకల సంచి విప్పి, పిడికెడు బియ్యం తెచ్చినవాళ్ల లెక్క కూడా విడవకుండా రాసేవారు. పల్లెలో ఎవరు కాలం చేసినా మొదటి కబురు ఆయనకే. గుంత తవ్వేవాళ్లను కూడగట్టడం, పెట్టె చేయించడం, ఆ రాత్రి ఆ ఇంటికి అన్నం చేరేలా చూడటం ఆయన పని. "డీకను అంటే ఏంటి తాతా?" అని ఒకసారి అడిగాను. "కనిపించిన పని చేసేవాడురా" అన్నారు.

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో ఉన్నదీ ఆ సంగతే. యెరూషలేములో రోజూ పంచే ఆహారంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. వడ్డన సరిగ్గా జరగడానికి ఏడుగురిని ఎన్నుకున్నారు. గ్రీకులో డియాకొనోస్ అంటే సేవకుడు. మన తెలుగు బైబిలు పరిచారకుడు అంది. రోమా పత్రికలో కెంక్రేయ ఫీబేను పౌలు పరిచారకురాలు అనే పరిచయం చేస్తాడు. ఇవాళ మనం తలచుకుంటున్న పేరయ్యగారికి సంఘం ఏ పదవి ఇచ్చిందన్న లెక్కలోకి నేను పోను. ఆయన చేసిన పని గురించి మాత్రం మాట్లాడతాను.

ఒంగోలుకు దాదాపు 40 మైళ్ల దూరాన తాళ్లకొండపాడు. అక్కడి మాదిగపల్లెలో పేరయ్యగారిది తోళ్ల వ్యాపారం. గారు అనే మాట నేను ప్రతిసారీ కావాలనే అంటున్నాను. ఆ రోజుల్లో మాదిగవాడికి ఊళ్లో 'ఒరే' తప్ప మరో పిలుపు దక్కేది కాదు. చచ్చిన గొడ్డు అతనిది. దానికి బదులు రైతుకు చెప్పులు, వార్లు, మోట తోలడానికి తోలుబాన ఇవ్వాలి. ఊరి జాతరలో డప్పు కొట్టాలి. ఊరి బావి దగ్గరికి మాత్రం పోకూడదు.

ఆ బతుకులో ఉండి ఆయన దేవుణ్ణి వెతికారు. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నారు. తనూ కొందరికి గురువయ్యారు. చదువురాని అమాయకులు గుంపుగా మతం మార్చుకున్నారని చులకనగా రాసినవాళ్లు ఆయన కథలో ఈ భాగం చదవలేదని నా నమ్మకం. దొర వచ్చి నిద్రలేపిన మనిషి కారు ఆయన. తోళ్ల బేరం మీద ఉత్తరాన ఏలూరు దాకా వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ అలెగ్జాండర్ బోధ విన్నారు. ఇంటికి తిరిగొచ్చి తన పల్లెవాళ్లకు చెప్పారు. 1866లో నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ జూయెట్ దొర చేతి మీదుగా ఆయన, భార్య నాగమ్మగారు బాప్తిస్మం పొందారు.

మరో మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ఏడాది సెప్టెంబరులో. తమ ఊరు రమ్మని పేరయ్యగారు ఆయన్ని అడిగారు. 1867 జనవరిలో దొర తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి ముప్పై నలభై మంది వచ్చి ఉన్నారు. నాలుగైదు రోజులకు సరిపడా తిండి మూటలు కట్టుకొచ్చారు. బాప్తిస్మానికి కట్టుకోవడానికి ఉతికిన బట్టలు కూడా తెచ్చుకున్నారు! ఆ మూటలే ఈ కథకు ఆయువుపట్టు. దొర వచ్చి ఏం చెబుతాడో విని ఆలోచిద్దామని వచ్చినవాళ్లు అట్లా రారు. వాళ్లకు చెప్పవలసింది ఆ సరికే ఎవరో ఇల్లిల్లూ తిరిగి, వాళ్ల భాషలో, వాళ్ల గడపల్లో కూర్చుని చెప్పారు. జనవరి 20న 28 మంది నీళ్లలో దిగారు.

ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. మూడు నియమాలు పెట్టుకున్నారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈనాడు మనకు తేలికగా వినబడతాయి. ఆనాడు గొడ్డు వద్దనడమంటే రైతుతో తరతరాల ఒప్పందం తెంచుకోవడం. జాతరలో డప్పు కొట్టననడమంటే ఊరి మీద తిరగబడటమే. పల్లెల మీద కక్ష కట్టారు, పనులు మాన్పించారు, నీళ్లకు అడ్డం పడ్డారు. అట్లాంటి రోజుల్లో ఆ ఇళ్లను నిలబెట్టింది దూరాన ఉన్న దొర ఒక్కడే అంటే నేను ఒప్పుకోను. పక్కింటి మనిషి నిలబెట్టాడు.

1876-78 కరువు మనందరికీ పెద్దలు చెప్పిన ధాతు కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులనే పని మీద మేస్త్రీలుగా నిలబెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకు పార, గంప చేతికిచ్చి, కూలి ఇప్పించి, కలరా వచ్చినప్పుడు పక్కన ఉండి, పొద్దుగూకాక వాక్యం చెప్పింది ఈ పల్లెల మనుషులే. అన్నం కోసం వచ్చారనే నింద రాకూడదని పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 2న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 614 మంది, మర్నాడు 2,222 మంది, ఆ మర్నాడు 700 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొర స్వయంగా నీళ్లలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ, పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా ఆ పని జరిపించారు.

2,222 అనే అంకె ప్రపంచమంతా తిరిగింది. దానికి ముందు 28 ఉంది. ఆ 28కి ముందు ఒక మొగుడూ పెళ్లామూ ఉన్నారు.

పేరయ్యగారి గురించి మనకు ఇంత తెలిసిందంటే దొరగారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ పెద్దల దగ్గర కూర్చుని విని, 1899లో పుస్తకంగా అచ్చు వేయించినందువల్ల. ఒక విదేశీ స్త్రీ చేసిన ఆ పని మన సంఘాల్లో మనం చేయలేదు. నాకు ఇది సిగ్గుగా ఉంది. మా ఊరి గుడి గోడ మీద చలువరాతి పలక ఉంది. కట్టించిన దొర పేరు, ప్రారంభించిన అధికారి పేరు దాని మీద ఉన్నాయి. ఏళ్ల తరబడి తాళం తీసిన మా తాతగారి పేరు రిజిస్టరులో కూడా లేదు. ఆయనతోపాటు అర్ధరాత్రి శవం దగ్గర కూర్చున్న మా అవ్వ పేరూ లేదు.

అందుకే మిమ్మల్ని ఒక్కటి అడిగి కూర్చుంటాను. ఈ ఆదివారం మీ సంఘంలో ఒక లావుపాటి నోటు పుస్తకం కొనండి. ఎనభై దాటిన అవ్వలు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లను ఆరాధన అయ్యాక కూర్చోబెట్టండి. మీ గుడిలో చాపలు ఎవరు పరిచారో, గుంతలు ఎవరు తవ్వారో, కరువులో గంజి ఎవరు కాచారో అడిగి, ఆడవాళ్ల పేర్లు విడవకుండా, ఇంటిపేర్లతో సహా రాయండి.