ఘాట్ కింద పెద్ద చార్జర్, కొండ మీద చిన్న ప్లగ్గు

(సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కాఫీ ధర, పోడు పట్టాలు, సంతలో తూకం మోసం. మనం ఎప్పుడు కూర్చున్నా ఇవే మాట్లాడుకుంటాం. ఈరోజు నన్ను ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ స్టేషన్ల గురించి మాట్లాడమన్నారు. కార్లున్నవాళ్ళ గొడవ మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కారు మనది కాకపోయినా, అది ఆగే రోడ్డు పక్క భూమి మనది. అది లాగే కరెంటు మన గూడేలకు వచ్చే లైనులోది. అందుకే ఈ విషయం మన ఎజెండాలోకి వచ్చింది.

కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. రహదారులకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలని వాటిలో రాశారు. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2024–29 కాలానికి విద్యుత్ వాహనాల విధానం ప్రకటించింది. ఇటు రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఇ జాతీయ రహదారి ఉండనే ఉంది. కాబట్టి చార్జింగ్ స్టేషన్లు కొండ మీదికి వస్తాయి. రావాలి కూడా. పొగ లేని బండి లోయలోకి వస్తే మనకు నష్టమేమీ లేదు. అవి ఎక్కడ పెడతారు, ఎవరి పేరున పెడతారు అన్నదే మనం తేల్చుకోవాలి.

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. మ్యాపు మీద స్కేలు పెట్టి 25 కిలోమీటర్లకొక చుక్క గీసుకుంటూ పోతే ఒకటి అనంతగిరి అడవిలో పడుతుంది, ఇంకొకటి లోయలో వలిసె చేను పక్కన పడుతుంది. స్కేలుకు ఘాట్ తెలియదు, ట్రాన్స్‌ఫార్మర్ తెలియదు, 1/70 చట్టం తెలియదు. ఈ మూడూ తెలిసిన మనం ఊరుకుంటే ఆ స్కేలే నిర్ణయం చేస్తుంది.

కారు లెక్క

ముందు కారు నడిపేవాడి వైపు నుంచే చూద్దాం. అతని అవసరం అర్థం కాకుండా మనం అడిగేదానికి బలం రాదు.

ఒక చిన్న ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో 30 యూనిట్లు పడతాయనుకోండి. చదును రోడ్డు మీద వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు ఖర్చవుతాయి. మన దారి చదును కాదు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. లోయకు చేరేసరికి బండి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. మనుషులతో కలిపి 1,700 కిలోల బండిని అంత ఎత్తుకు ఎత్తడానికే నాలుగున్నర యూనిట్లకు పైగా కావాలి. మోటారులో పోయే నష్టం కలిపితే ఐదారు యూనిట్లు. అంటే విశాఖలో నిండుగా బయలుదేరిన కారు అరకు చేరేసరికి 22 యూనిట్లు కాల్చేసి, ఎనిమిదింటితో నిలబడుతుంది. చాపరాయి, బొర్రా తిరిగి మళ్ళీ విశాఖ దిగాలంటే ఆ ఎనిమిది చాలవు. అతని భయం నిజమైనదే.

అదే కారు దాదాపు సగం దారిలో ఉన్న ఎస్.కోటలో ఆగి బ్యాటరీ నింపుకుందనుకోండి. అక్కడి నుంచి ఎక్కడానికి 14 యూనిట్లు పోతాయి. పైన ఓ నలభై కిలోమీటర్లు తిరగడానికి ఆరు. దిగేటప్పుడు ఇంకో ఐదారు చాలు. ఎందుకంటే వాలులో దిగేటప్పుడు ఎలక్ట్రిక్ కారు మోటారే బ్రేకులా పనిచేసి, ఎక్కేటప్పుడు ఖర్చుపెట్టినదాంట్లో కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. ఈ లెక్కన పొద్దున వచ్చి సాయంత్రం దిగిపోయేవాడు కొండ మీద చార్జింగ్ పెట్టకుండానే, నాలుగైదు యూనిట్లు మిగుల్చుకుని మళ్ళీ ఎస్.కోట చేరతాడు. లెక్క బిగుతుగానే ఉంది గానీ సరిపోతుంది.

రాత్రి ఉండిపోయేవాడి సంగతి ఇంకా తేలిక. అతని కారు సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు వరకు హోటల్ ముందో, హోమ్‌స్టే వాకిట్లోనో ఊరికే నిలబడి ఉంటుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు గంటకు మూడు యూనిట్లు ఇస్తుంది. ఎనిమిది గంటల్లో 24 యూనిట్లు. అతనికి అరగంటలో నింపే పెద్ద యంత్రంతో పనే లేదు.

ఇంకొక సంగతి. కొండ మీద బ్యాటరీని నూటికి నూరు శాతం నింపి ఘాట్ దిగితే, వాలులో తిరిగి పుట్టే కరెంటుకు బ్యాటరీలో చోటుండదు. కరెంటు వృథా, బ్రేకుల మీద భారం. కింద నింపుకుని ఎక్కడం, పైన కొంత ఖాళీ ఉంచుకుని దిగడం కారుకే మంచిది.

కరెంటు లెక్క

ఇప్పుడు మన వైపు లెక్క. ఫాస్ట్ చార్జర్లలో మామూలుగా పెట్టేది 60 కిలోవాట్లది. 5 హెచ్‌పీ మోటారు లాగేది 3.7 కిలోవాట్లు. అంటే ఒక్క చార్జర్ పదహారు మోటార్లతో సమానం. నెలకు 60 యూనిట్లు వాడే ఇల్లు నెలంతా కాల్చే కరెంటును అది గంటలో లాగేస్తుంది. మన గూడేల్లో ఎక్కువగా ఉండేవి 15, 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు. ఈ చార్జర్‌కు వంద కేవీఏది విడిగా కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ విడిగా పెట్టినా 11 కేవీ లైను మాత్రం అందరిదీ ఒకటే. పొడుగాటి లైను చివర ఉన్న గూడెంలో వోల్టేజీ పడిపోతే మోటారు తిరగదు, బల్బు ఎర్రగా వెలుగుతుంది.

అరకుకు జనం ఎప్పుడొస్తారు? నవంబరు నుంచి జనవరి దాకా, మంచు చూడ్డానికి, వలిసె పూలు చూడ్డానికి. మనం కాఫీ పండు కోసేదీ అప్పుడే. కోసిన పండును ఆ రోజే పల్పర్‌లో వెయ్యాలి. మర్నాటికి ఉంచితే పులిసిపోతుంది, నాణ్యత పోతుంది, ధర పోతుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడాలంటే సాయంత్రం పూట పల్పర్ ఆగకూడదు. శనివారం సాయంత్రం పది కార్లు వరసగా చార్జింగ్ పెట్టుకునే వేళా, మన పల్పర్లు తిరిగే వేళా ఒకటే. అందుకే పెద్ద చార్జర్ సబ్‌స్టేషన్ పక్కనే ఉండాలి, దానికి విడి ఫీడరు ఉండాలి అంటున్నాం. వచ్చే కార్ల మీద మనకు కోపం లేదు. పంట దెబ్బతినకూడదు, అంతే.

కరెంటు విషయంలో ఈ కొండలకు ఒక పాత బాకీ కూడా ఉంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. తర్వాత సీలేరు కేంద్రాలు వచ్చాయి. నీళ్ళు మనవి, మునిగిన ఊళ్ళు మనవి, తీగలు మాత్రం మన నెత్తి మీదుగా మైదానానికి పోయాయి. కార్ల కోసం కొత్త లైను వేస్తున్నామని ఎవరైనా వస్తే మనం మొదట అడగాల్సింది ఇదే: ఆ లైను దారిలో ఉన్న గూడేలకు త్రీఫేజ్ ఇస్తారా, ఇవ్వరా?

భూమి లెక్క

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. రోడ్డు పక్క పాతిక సెంట్లు పదేళ్ళకు లీజుకివ్వు, నెలనెలా అద్దె ఇస్తాం అని ఎవరైనా మీ దగ్గరికి రావచ్చు. కాగితం మీద సంతకం పెట్టేముందు మూడు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ. మనం 1/70 అంటున్నది దీన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి బదిలీ చేయడం చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకోకండి. తాకట్టు, దానం, లీజు కూడా అందులోకే వస్తాయి. సహకార చట్టం కింద రిజిస్టరై, సభ్యులందరూ గిరిజనులే అయిన సంఘానికి మాత్రం ఇవ్వవచ్చు.

రెండోది, అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. అది వారసులకు వస్తుంది గానీ ఇంకొకరికి బదిలీ చెయ్యడానికి లేదు.

మూడోది, 1997 జూలై 11 నాటి సమత తీర్పు. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల గూడేల్లోని గనుల లీజుల మీద. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. గిరిజనులు తామే గానీ, తమ సహకార సంఘాల ద్వారా గానీ ఆ పని చేసుకోవచ్చనీ చెప్పింది. ఆ తీర్పు గనుల మీద వచ్చిందే అయినా దాని వెనకున్న సూత్రాన్ని మనం ఇక్కడా పట్టుకోవాలి.

అయితే చార్జర్ పెట్టేదెవరు? చార్జింగ్ స్టేషన్ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018లోనే స్పష్టం చేసింది. భద్రతా ప్రమాణాలు పాటిస్తే చాలు, ఎవరైనా పెట్టవచ్చు. కాబట్టి గిరిజన సహకార సంఘమే పెట్టవచ్చు. పెట్టుబడి ఐటీడీఏ నుంచి, నెడ్‌క్యాప్ నుంచి రాబట్టడం మన పోరాటంలో భాగం.

ఆదాయం గురించి ఆశలు పెంచను. ప్రభుత్వ స్థలంలో పెట్టే స్టేషన్లకు 2022 మార్గదర్శకాలు స్థలం ఇచ్చిన సంస్థ వాటాగా యూనిట్‌కు ఒక్క రూపాయి ప్రాతిపదిక పెట్టాయి. రోజుకు వంద యూనిట్లు అమ్ముడైతే వంద రూపాయలు, ఏడాదికి 36,500. దాని కోసం పొలం వదులుకునేవాడు నష్టపోతాడు. అసలు ఆదాయం కారు నిలబడి ఉన్న సమయంలో ఉంది. చార్జింగ్ అయ్యేదాకా మనిషి ఊరికే కూర్చోడు. కాఫీ తాగుతాడు, భోజనం చేస్తాడు, రాజ్మా, పసుపు, మిరియాలు కొంటాడు. రాత్రి ఉండిపోతే ఇంకా ఎక్కువ ఖర్చుపెడతాడు. ఆ దుకాణం మన మహిళా సంఘానిదై ఉండాలి.

ఎక్కడ పెట్టాలి?

ఇప్పటిదాకా చెప్పిన మూడు లెక్కలూ కలిపి చూస్తే చోట్లు వాటంతటవే తేలుతున్నాయి.

పెద్ద ఫాస్ట్ చార్జర్లు ఘాట్ల కింద ఉండాలి. అరకు దారికి ఎస్.కోట, పాడేరు దారికి మాడుగుల, లంబసింగి దారికి నర్సీపట్నం. అక్కడ లైన్లు బలమైనవి. ఎక్కేవాడికీ దిగేవాడికీ రెండుసార్లూ పనికొస్తాయి.

కొండ మీద అరకులో ఒకటి, పాడేరులో ఒకటి ఫాస్ట్ చార్జర్ ఉంటే చాలు. అవి ఆపదలో అక్కరకొచ్చేవి. ఘాట్‌లో కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ లాంటి తుపాను రావచ్చు. అప్పుడు ఎవడూ దారిలో చిక్కుకుపోకూడదు. ఆ రెండూ సబ్‌స్టేషన్‌కు దగ్గరగా, ఇప్పటికే సిమెంటు పడిన ప్రభుత్వ స్థలంలో, ఆర్టీసీ ఆవరణలోనో పర్యాటక సంస్థ హోటళ్ళ ఆవరణలోనో ఉండాలి. సాగుభూమిలో సెంటు కూడా పోనక్కర్లేదు.

హోటళ్ళకు, హోమ్‌స్టేలకు చిన్న ప్లగ్గు పాయింట్లు విరివిగా రావాలి. గిరిజన కుటుంబం నడిపే హోమ్‌స్టేకు మీటరు, వైరింగ్ ఖర్చు ఐటీడీఏ భరించాలి.

సంత జరిగే ఊళ్ళలో, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచింగిపుట్టు లాంటి చోట్ల, సరుకు ఆటోలకు చార్జింగ్ పాయింట్లు పెట్టాలి. డీజిల్ ఖర్చు తగ్గితే సంతకు సరుకు తెచ్చే కిరాయి తగ్గుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నేరుగా మన జేబుకు సంబంధించింది ఇదే. చర్చల్లో అందరికీ కారే కనిపిస్తుంది, మన ఆటో కనిపించదు. చూపించాల్సింది మనమే.

అనంతగిరి అడవిలో, గాలికొండ మలుపుల్లో, బొర్రా గుహల ముఖద్వారం దగ్గర ఏదీ వద్దు. అక్కడ ఇప్పటికే సెలవు రోజుల్లో బళ్ళు ఆపుకునే చోటు లేదు.

మన కుర్రాళ్ళు కొందరు అడుగుతున్నారు: ఇన్ని షరతులు పెడితే అసలు చార్జర్లే రావు, టూరిస్టులు తగ్గిపోతారు, మా హోమ్‌స్టేలు ఏం కావాలి అని. న్యాయమైన ప్రశ్న. మనం కోరుతున్నవాటిలో ఎక్కువ భాగం కింద ఊళ్ళలో పెట్టేవి, లేదా తక్కువ ఖర్చుతో అయ్యే ప్లగ్గులు. అవి ఒక సీజనులో పెట్టగలిగినవి. పొలంలో ఫాస్ట్ చార్జర్ పెట్టి, అది 1/70 కేసులో పడి, తాళం వేసి ఉంటే టూరిస్టుకు లాభమా, మనకు లాభమా?

కనుక వచ్చే నెల గ్రామసభల్లో చెయ్యాల్సిన పని ఇది. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏదో, ఎన్ని ఇళ్ళకు, ఎన్ని మోటార్లకు, ఎన్ని పల్పర్లకు కరెంటు ఇస్తోందో కాగితం మీద రాయండి. రోడ్డు పక్క భూముల్లో ఎవరైనా లీజు మాటలు మొదలుపెట్టారేమో కనుక్కోండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. మన తీర్మానం ముందే సిద్ధంగా ఉంటే ఆ సంప్రదింపు ఉత్త సంతకాల తంతుగా మిగలదు. ఆ తీర్మానాల నకళ్ళు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, ఈపీడీసీఎల్‌కు, నెడ్‌క్యాప్‌కు సంఘం తరఫున మనమే పట్టుకెళ్ళి ఇద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ల లెక్క ఏ మండలానిది ముందు తయారైతే ఆ మండలంతోనే మొదలుపెడదాం.